రూపాయంత తిమ్మిరి

శేషారత్నం షెడ్డులోకి ఎవరైనా బురదకాళ్ళతో రావచ్చు. ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చి పొద్దుగూకేదాకా కూచోవచ్చు. తోమిన రేకు మీద వేలు పెట్టడానికి మాత్రం వీల్లేదు. పెట్టిన వాడు ఎంతటి మొనగాడైనా సరే, తిట్లు తిని, ఆ రేకు మళ్ళీ మొదటినుంచీ తోమి, అప్పుడు ఇంటికి పోవాల్సిందే. దొనకొండలో ఈ సంగతి తెలియని వాళ్ళు లేరు.

ఆ షెడ్డు ఒకప్పుడు పొగాకు గోడౌను. ఆమె చెల్లెలి భర్త చెంచయ్యది. వెనకే పాతకాలపు రన్‌వే ఉండడంతో, హైదరాబాదులో లోహాల పరిశోధనశాల ఉద్యోగం వదిలేసి వచ్చిన శేషారత్నం కన్ను దాని మీద పడింది. గోడలకు పట్టిన పొగాకు జిడ్డు వదలడానికే ఒక వేసవి పట్టింది. ఆ తర్వాత అందులో ఇద్దరు కూచునే చిన్న విమానం రూపు కట్టడం మొదలైంది. ఫ్యాక్టరీ లేదు, పెద్ద యంత్రాలు లేవు. అక్కా చెల్లెళ్ళూ, అల్యూమినియం రేకులూ, బోలెడంత ఓపికా.

ఆవేళ ఎడమ రెక్క వంతు. శేషారత్నం రేకును అసిటోన్‌తో తుడిచింది. పీచుతో అడ్డంగా, నిలువుగా రుద్దింది. ఆసిడ్ నీళ్ళతో కడిగి, చివరికి మంచినీళ్ళు పోసి, ఊపిరి బిగబట్టి చూసింది. నీళ్ళు ఒకే పొరగా పరుచుకుంటే రేకు శుభ్రం. ఎక్కడైనా చిట్లి బొట్లుగా విడిపోతే అక్కడ జిడ్డు మిగిలినట్టు.

"ఏంది వదినా, సిల్వర్ రేకు కడగటానికి ఇంత తతంగమా?" అన్నాడు చెంచయ్య గుమ్మంలోంచి. అతనికి సొంత లారీ ఉంది. చేతులకు ఎప్పుడూ గ్రీజే. "మా యమ్మ బూడిదేసి తోమితే గిన్నెలో మొహం కనపడేది."

"మీ అమ్మ గిన్నెలు గాల్లో ఎగరలా చెంచయ్యా. ఆ గ్రీజు చేతుల్తో గుమ్మం దాటావంటే మాత్రం నువ్వెగురుతావు."

అతను నవ్వి అక్కడే చతికిలబడ్డాడు. నీళ్ళు చిట్లలేదు. రేకు ఆరేలోగా శేషారత్నం ఇంటికి వెళ్ళి అన్నం తిని వచ్చి, గ్లవ్స్ మార్చుకుని, బూడిదరంగు పూత డబ్బా మూత తీసింది.

అసలు సంగతంతా ఆ పూతలో ఉంది. దానికి కాగితాల మీద మూరెడు పేరు. హైమ మాత్రం 'తోలు' అంటుంది. హైమ శేషారత్నానికి చెల్లెలు, చెంచయ్యకు భార్య, ఈ విమానానికి పైలట్. ఆ పూతే రేకును లోపలి దూలానికి అతికిస్తుంది. ఆరాక తన మీద పడే ప్రతి తాకిడినీ, ప్రతి ఒత్తిడినీ పసిగట్టి, హైమ మెడ వెనక చర్మం కింద పెట్టిన కందిబద్దంత బిళ్ళకు పంపిస్తుంది. మూడు నెలలు కలిసి ఉంటే ఆమె మెదడు ఆ కబుర్లను తన ఒంటి కబుర్లుగానే చదువుకోవడం నేర్చుకుంటుంది.

కుడి రెక్కకూ తోకకూ పూత ఆరి అప్పటికే మూడు నెలలు దాటింది. హైమ షెడ్డు బయట గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. అక్క లోపల ఒక గరిటె తీసుకుని తోక మీద తట్టింది.

"కుడి మడమ," అంది హైమ తల తిప్పకుండానే.

రెక్క చివర ఊదింది.

"వేళ్ళ మీద ఊదావు. చక్కిలిగిళ్ళు పెట్టబాక అక్కా, చిక్కుళ్ళు పారబోస్తా."

చెంచయ్య నవ్వలేదు. అతనికి ఈ ఆట మొదటినుంచీ నచ్చలేదు. ఇది ఎందుకు మొదలైందో తెలుసు కనక ఊరుకున్నాడు. హైమతోపాటు విమానం నేర్చుకున్న సత్యవేణి అనే అమ్మాయి, నాలుగేళ్ళ క్రితం విమానం రెక్క ఊడి పొలాల్లో పడి చనిపోయింది. రంగు కింద పగులు ఏడాదిగా పెరుగుతోందని తర్వాత తేలింది. ఆ రోజు హైమ ఏడుస్తూ, "రేకుకి నోరుంటే అరిచి చచ్చేది గదక్కా," అంది. శేషారత్నం ఆ మాట పట్టుకుంది. రేకుకు నోరు పెట్టలేను గానీ నొప్పి పెట్టగలను అనుకుంది.

రెండు రెక్కలూ, తోకా, పొట్టా అన్నీ అతికాయి. మూడు నెలలు గడిచాయి. కాకి వాలితే హైమ వీపు గోక్కునేది. మిట్టమధ్యాహ్నం ఎండకు షెడ్డు కాగితే, ఇంట్లో ఫ్యాను కింద కూచున్నా ఆమెకు చెమటలు పట్టేవి. శేషారత్నం మురిసిపోయింది. అలా మురిసిపోవడం తప్పని పెసరట్టు పెనం చెప్పింది.

ఒక ఉదయం హైమ పొయ్యి దగ్గర నిలబడి అట్లు పోస్తూ మాట్లాడుతోంది. ఎడమ చెయ్యి పెనం అంచు మీద ఆనించి ఉంది. కాలుతున్న వాసనకు చెంచయ్య లేచి వచ్చి, ఆమె చెయ్యి లాగేశాడు. అరచేయి బొబ్బలెక్కింది. హైమ దాన్ని వేరే ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది.

"నొప్పి పుట్టలా?" అన్నాడు.

"లేదయ్యా. నాకు... లేదు."

చెంచయ్య ఆ చేతిని నీళ్ళ కింద పెట్టి, వదిన వైపు తిరిగాడు. అంత కోపం అతని మొహాన ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఇదేంది వదినా? రేకుకి తోలు పెడతానని నా పెళ్ళాం తోలు వొలుస్తన్నావా?"

శేషారత్నం అబద్ధమాడలేదు. ఆడడం ఆమెకు రాదు. మెదడులో ఉన్న చోటు ఉన్నంతే. రెక్కకు చోటిచ్చే కొద్దీ చెయ్యి ఇరుకున పడుతోంది. బిళ్ళను నిద్రపుచ్చితే చెయ్యి మెల్లగా తిరిగిరావచ్చు. ఎంత ఆలస్యమైతే తిరిగొచ్చే ఆశ అంత తక్కువ. "ఇట్టా అవుతుందని నేను అనుకోలా. ఇప్పుడే ఆపేద్దాం," అంది.

"ఆపటానికి మీరిద్దరూ ఎవరు?" అంది హైమ. "నువ్వేమో నీ పెళ్ళాం చెయ్యంటావు. అక్కేమో తన పూతంటది. చెయ్యి నాది గదా, నన్నడగరే? ఒక్కసారి ఎగిరి చూపిస్తా. ఆ తర్వాత నిద్రపుచ్చండి, లేపండి, మీ ఇష్టం. సత్యవేణినైతే ఎవురూ అడగను గూడా అడగలా."

ఎగరాలంటే అనుమతి కావాలి. దాని కోసం రాజధాని నుంచి సదానందం గారు వచ్చారు. ఇంట్లో కట్టుకున్న విమానాలను పరీక్షించే సంఘానికి ఆయనే పెద్ద. మాట తేనె. చొక్కా మీద ముడత ఉండదు.

హైమను షెడ్డు బయట కూచోబెట్టి, ఆయన పెన్నుతో విమానమంతా తట్టుకుంటూ తిరిగారు. "మోకాలు," "మెడ," "కుడి మోచెయ్యి," అని బయటినుంచి హైమ చెబుతూనే ఉంది. ఆయనకు ముచ్చటేసింది. ఎడమ రెక్క పొట్టకు కలిసేచోట తట్టారు. జవాబు లేదు. మళ్ళీ తట్టారు. లేదు. గట్టిగా గుచ్చారు.

"అయిపోయిందా అండీ?" అని అడిగింది హైమ బయటినుంచి.

ఆయన పెన్ను కొసతో ఆ చోటు చుట్టూ గీత గీశారు. రూపాయి బిళ్ళంత ఉంది.

"మీ తోలుకు తిమ్మిరెక్కినట్టుందే మేడమ్," అన్నారు నవ్వుతూ. "సరిచెయ్యండి. వచ్చే నెల మళ్ళీ వస్తాను. అన్నట్టు, ఇంకో మాట. నొప్పి తగ్గించడానికి ఒక మీట పెట్టండి. అది పైలట్ చేతిలో కాదు, కింద నడిపించే వాళ్ళ చేతిలో ఉండాలి. లేకపోతే ప్రతి పైలటూ కాస్త నలతగా ఉందని విమానం దింపేస్తానంటాడు. ఇక విమానాలు నడిచినట్టే!"

ఆయన కారు మలుపు తిరిగేదాకా శేషారత్నం ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు చిట్లని రేకు అది. తన కళ్ళతో చూసింది. నీళ్ళు పోశాక, పూత వెయ్యకముందు, అన్నం తినడానికి ఇంటికి వెళ్ళింది. అంతే.

"ఎవరు ముట్టుకున్నారు?" అని అరిచింది.

చెంచయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంత పెద్ద మనిషీ తలొంచుకున్నాడు.

"ఆవేళ దసరా వదినా."

"అయితే?"

"లారీకి బొట్టు పెట్టుకుని ఇట్టా వచ్చినా. నా లారీకి పెట్టకుండా ఏనాడూ బండి తీయలా. మరి నా పెళ్ళాం ఎక్కే బండికి పెట్టకుండా ఎట్టా ఉంటా? నువ్వు తిడతావని చెప్పలా. పసుపు నిలవటానికి రవ్వంత నువ్వులనూనెతో తడిపి, కుంకుమెట్టి దణ్ణం పెట్టుకున్నా. ఆనక భయమేసి పైపంచతో శుభ్రంగా తుడిచేసినా. ఒక్క మచ్చ గూడా లేదు, ఒట్టు!"

మచ్చ లేదు. నూనె ఉంది. శేషారత్నం నోటికొచ్చినట్టు తిట్టింది. అతను పడ్డాడు. తిట్లన్నీ అయ్యాక ఆమెకే సిగ్గేసింది. ఇన్ని రోజులూ మనిషి భయపడుతూ గుమ్మంలో కూచుంటే, ఆ భయం ఏమిటో ఒక్కసారైనా అడిగింది కాదు.

బాగుచేసే దారి ఒకటే. రేకు అంచు లేపి, ఆ మచ్చ చుట్టూ పూతను ఉత్త లోహం దాకా గీకి, మళ్ళీ కడిగి, మళ్ళీ పూయాలి. జిడ్డు ఎంతవరకు పాకిందో కంటికి కనపడదు. బాగున్న పూత మీద ఉలి పడితే హైమకు తెలుస్తుంది, చచ్చిన చోట పడితే తెలియదు. అంటే బిళ్ళ మేలుకునే ఉండాలి. హైమ చెప్పాలి, వాళ్ళు గీకాలి.

హైమ నులకమంచం తెప్పించుకుని రెక్క పక్కనే పడుకుంది. ఒక తువ్వాలు చుట్టి పళ్ళ మధ్య పెట్టుకుంది.

"ఉలి ఆయనకియ్యి అక్కా," అంది. "ఆయనకైతే ఇనుప పని అలవాటే."

"నా వల్ల కాదే!" అన్నాడు చెంచయ్య.

"బొట్టు పెట్టినప్పుడు అయింది గదా. గీకు. మధ్యలో ఆగావంటే నేనే లేచి గీక్కుంటా."

అతను గీకాడు. మొదట ఆమె కదలలేదు. మెల్లగా అంచుకు వచ్చేసరికి ఒళ్ళంతా విల్లులా లేచింది. తువ్వాలు తీసి, "అదిగో, అక్కడ బతికుంది, ఇట్టా ఎడంగా రా," అంది. మళ్ళీ తువ్వాలు పెట్టుకుంది. చెంచయ్య ఏడుస్తూనే గీకాడు. మచ్చంతా పోయాక చూస్తే, దాని కింద అతుకు లేచిపోయి ఉంది. గోరు దూరేంత సందు. అలాగే ఎగిరి ఉంటే ఆ సందే పెరిగి రెక్క ఊడేది. పైలట్‌కు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఆ పనంతా అయ్యాక శేషారత్నం తువ్వాలు ఉతకడానికి తీసుకుంది. పళ్ళు దిగిన చోట గుడ్డ చిరిగిపోయింది. ఆమె దాన్ని పట్టుకుని తూము దగ్గర చాలాసేపు నిలబడింది. ఇక ఈ పిల్లను నొప్పి పెట్టి ఏదీ తెలుసుకోకూడదు అనుకుంది.

సదానందం గారు చెప్పిన నెలకే వచ్చారు. తట్టి చూశారు. ఎక్కడా తిమ్మిరి లేదు.

"మీట పెట్టారా?"

"పెట్టలేదండీ."

"ఎందుకని?"

"మా చెంచయ్య తెలియక పెట్టిన తిమ్మిరి రూపాయంత. అది గీకటానికే మా ప్రాణాలు పోయినంత పనయింది. మీరు తెలిసి పెట్టమంటున్నది విమానమంత తిమ్మిరి. నేను పెట్టను."

ఆయన నవ్వు కొంచెం సన్నబడింది. "సరే, ముందు ఎగరనివ్వండి. పరీక్షలో చెప్పిన మలుపులన్నీ తిప్పితేనే సంతకం."

విమానం లేచింది. రన్‌వే పక్కన గేదెలు తోకలెత్తి పరిగెత్తాయి. చెంచయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చూస్తున్నాడు. రేడియోలో హైమ నవ్వు వినపడింది. "అక్కా, ఒళ్ళంతా గాలి తగులుతందే! రెక్కలుంటే ఇట్టా ఉంటదా!" అంది. శేషారత్నానికి కళ్ళు నిండాయి. ఈ ఒక్క మాట కోసం ఏమైనా చెయ్యవచ్చు అనిపించింది.

ఒక మలుపు తిప్పింది. రెండోది తిప్పింది. మూడోది సగంలో ఆపి నిటారుగా వచ్చేసింది.

"కుడి భుజం వెనకాల పోటు పెడతంది," అంది రేడియోలో. "ఒంగినప్పుడు పొడుస్తంది."

సదానందం గారు తన ముందున్న తెర చూశారు. అందులో అన్ని కొలతలూ సక్రమంగానే ఉన్నాయి. "ఏమీ లేదమ్మా. భయం వల్ల అట్లా అనిపిస్తుంది. చివరి మలుపు తిప్పు, ఇంకాస్త వాల్చి. అది తిప్పకపోతే పరీక్ష తప్పినట్టే."

"అక్కా?" అంది హైమ. "తిప్పమంటే తిప్పుతా."

శేషారత్నం తెర వైపు చూసింది. ఇప్పుడు దింపితే ఇన్నేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరు. చెల్లెలు పోగొట్టుకున్న చెయ్యి ఊరికే పోయినట్టు. ఒక్క మలుపు. కొలతలు బాగానే ఉన్నాయి కదా. నిజంగా భయమేనేమో. ఆ ఆలోచన తన బుర్రలోకి వచ్చినందుకు ఆమెకు తన మీదే మంట పుట్టింది. నొప్పి అన్న మనిషిని నమ్మడానికి కాకపోతే ఇదంతా ఎందుకు చేసినట్టు?

ఆమె సదానందం గారి చేతిలోంచి మైకు లాక్కుంది.

"దిగు హైమా. మెల్లగా, వంచకుండా దిగు."

హైమ దిగింది. చెంచయ్య పరిగెత్తుకు వెళ్ళి ఆమెను రెండు చేతులా ఎత్తి దించాడు. సదానందం గారు రెక్క చుట్టూ తిరిగి, వంగి, తడిమి చూశారు. పైకి గీత కూడా లేదు.

"ఇక్కడ," అంది హైమ, వేలితో చూపిస్తూ. "లోపల."

"అయితే కోసి చూపించండి," అన్నారాయన. "పగులుంటే ఇప్పుడే ఇక్కడే సంతకం పెడతాను. లేకపోతే పైలట్ భయపడిందని రాస్తాను."

చెంచయ్య డ్రిల్లు వైపు చూశాడు. హైమ ఎడమచేత్తో కుడి భుజం గట్టిగా పట్టుకుని, "కొయ్యక్కా," అంది. "కోసి ఆయన మొహాన కొట్టు. నేను ఓర్చుకుంటా."

"కొయ్యను," అంది శేషారత్నం.

"అక్కా!"

"కొయ్యనంటే కొయ్యను. ముందు బిళ్ళను నిద్రపుచ్చుతా. అది నిద్రపోయినా ఆ రెక్క నాదేనన్న నమ్మకం నీ మెదడుకు వెంటనే పోదు. నీకు ఆ రెక్క నీది కాదనిపించాక, అప్పుడు కోస్తా. అందాకా దాన్ని ఎవురూ ముట్టుకోరు."

"అప్పటిదాకా నేను ఆగలేను మేడమ్. ఈలోపు మీరే పగులు పెట్టి చూపించరని ఏమిటి?" అన్నారు సదానందం గారు. "రుజువు లేకుండా నేనేం రాయను?"

"మా హైమకు నొప్పి పుడుతోందని నమ్మటానికి దాన్ని కోసి చూడాలంటారా? పైలట్ నొప్పంది, మేం దింపాం అని రాయండి. జరిగింది అదే."

"అట్లా రాస్తే అనుమతి రాదు."

"రాకపోనీండి. ఈ పూత పనే అది. చెప్పటం. అది చెప్పింది, మేం విన్నాం. మీ పరీక్షలో తప్పింది మేం కాదు."

ఆయన కాగితాలు సర్దుకున్నారు. కారు తలుపు వేస్తూ, మంచి అవకాశం చేజార్చుకున్నారని జాలిగా అన్నారు. చెంచయ్య కారు ముందుకు వెళ్ళి అడ్డం నిలబడబోతే, శేషారత్నమే అతని భుజం పట్టుకుని పక్కకు లాగింది. "పోనియ్యి. ఆయన ఊరికి ఆయన్ని పోనియ్యి," అంది.

ఆ సాయంత్రమే బిళ్ళను నిద్రపుచ్చింది. హైమ వారం రోజులు గది మూల కూచుని, ఒంట్లో సగం పోయినట్టుందని ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం మానేసి, తోటకూర మళ్ళు తవ్వడం పెట్టుకుంది. వానాకాలం నడిమధ్యలో, పాదులో చెయ్యి పెట్టి కలుపు తీస్తూ, "అబ్బా, గండుచీమ!" అని ఎడమ చెయ్యి విదిలించింది. చెంచయ్య పెరట్లోకి దూకినంత పని చేసి, ఆ చీమకు దణ్ణం పెట్టాడు.

మర్నాడు ముగ్గురూ కలిసి కుడి రెక్క కోశారు. హైమ తొణకలేదు. ఆమె వేలు పెట్టి చూపించిన చోటే, లోపలి దూలంలో, వెంట్రుకంత పగులు ఉంది.

ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు, మరి పగులు లేకపోయుంటే ఏం చేసేదానివమ్మా అని. అప్పుడు శేషారత్నం రుద్దుతున్న పీచు పక్కన పెట్టి, అడిగిన వాళ్ళ కళ్ళలోకి చూసి, "అయినా దింపేదాన్నే," అంటుంది.